మూడు రోజుల మతేరా

శుక్రవారం రాత్రి చనిపోయిన మనిషి శనివారం పొద్దున్న ఎనిమిదీ పదికి రొట్టె కొనుక్కుంది. తొమ్మిదిన్నరకి గుహ చర్చిలో టిక్కెట్టు తీసుకుంది. ఒంటిగంటకి గొర్రె మాంసం కూరతో భోజనం చేసి, వంటావిణ్ణి పిలిపించి మరీ మెచ్చుకుంది. నాలుగింటికి మ్యూజియం. ఆరింటికి లోయ అంచున కాఫీ.

ఇన్‌స్పెక్టర్ ఫిలోమెనా లోపెర్ఫిదో చేతిలో ఉన్న గళ్ళ కాగితంలో ఈ వరసంతా గుండ్రటి చేతిరాతలో ఉంది. ప్రతి పని పక్కనా ఆకుపచ్చ సిరాతో ఒక టిక్కు.

"పక్కాగా ఉంది కదా!" అన్నాడు కంతిసానీ. "నిమిషం తేడా లేదు. నలుగురు సాక్షులు. నలుగురూ ఫొటో చూసి ఈవిడేనన్నారు. మీ డాక్టరు మాత్రం శుక్రవారమే పోయిందంటాడు. ఎవరి మాట నమ్మమంటారు, లోపెర్ఫిదో గారూ?"

రుజ్జేరో కంతిసానీ పై ఆఫీసు నుంచి గంట కిందటే దిగాడు. ఆమె హోదాయే అతనిదీ. వయసు పన్నెండేళ్ళు తక్కువ. వచ్చీ రాగానే మేయరుకి ఫోన్ చేసి, ప్రమాదమేనని చెప్పేశాడు.

వాళ్ళు నిలబడింది నున్సియా నడిపే బసలో, టిఫిన్లు పెట్టే గదిలో. కొండరాయిని తొలిచిన గది. నేల మధ్యలో మంచం వెడల్పున దళసరి గాజు పలక. దాని కింద పాతకాలపు నీళ్ళ తొట్టి, సీసా ఆకారంలో నాలుగు నిలువుల లోతు. అతిథులు చూసి ముచ్చటపడతారని నున్సియా లోపల దీపాలు పెట్టించింది. చలికాలంలో పెద్దగా ఎవరూ రారు కాబట్టి గాజు మీద తివాచీ పరిచేసింది. ఈ ఉదయం దారిన పోతున్న జర్మన్ జంట ఒకటి తొట్టి చూస్తామని అడిగింది. ఏడూ యాభైకి ఆవిడ తివాచీ చుట్టి, మీట నొక్కింది. గాజుకి అటు వైపు నుంచి, దీపాల వెలుతురులో, క్లేలియా మొరాందో వాళ్ళ వైపే చూస్తూ నీళ్ళలో తేలుతోంది.

క్లేలియా మొరాందో వయసు డెబ్భై. తొరీనోలో భూగోళం పంతులమ్మగా చేసి రిటైరైంది. కొండ గుహల్లో ఇళ్ళున్న మతేరాలో మూడు రోజులు గడపడానికి పదకొండు వారాల పాటు ప్లాను వేసుకుంది.

"నమ్మాల్సింది డాక్టర్నే," అంది ఫిలోమెనా. "అరవై గంటలకి తక్కువ కాకుండా నీళ్ళలో ఉందన్నాడు."

"నీళ్ళు మంచులా ఉన్నాయి. చల్లటి నీళ్ళలో లెక్కలు తప్పుతాయి. శనివారం అంతా తిరిగొచ్చింది. రాత్రి ఆ పక్క గదిలోకెళ్ళి, తొట్టి మూత ఎత్తి వంగి చూసింది. జారింది. మూత దానంతటదే పడింది. ఆ మూత నేనే మూడు సార్లు ఎత్తి వదిలి చూశాను. మూడు సార్లూ పడింది."

"చొక్కా కుడి చెయ్యి చూశారా?"

"ఏముంది?"

"మరక. ఎర్రటి నూనె మరక." ఆమె గుమ్మం వైపు తిరిగింది. "సిన్యోరా నున్సియా, శుక్రవారం రాత్రి భోజనంలో ఏం పెట్టారు?"

నున్సియా అప్పటికి గంటన్నరగా ఏప్రాను అంచు నలుపుతూనే ఉంది. "బాకలా ఎండు చేప పులుసు. వేయించిన ఎండు మిరపకాయలు. ఆ మిరప నూనె ఆవిడ చేతి మీద ఒలికింది మేడమ్. నేనే ఉప్పు రుద్దాను. పోలేదు. 'ఫరవాలేదు, పడుకునే ముందు విప్పి నానేస్తాలే' అంది."

ఫిలోమెనా కంతిసానీ వైపు చూసింది. "నిమిషాల లెక్కన ప్లాను వేసుకునే మనిషి, నానేస్తానన్న మరక చొక్కానే మర్నాడంతా వేసుకుని ఊరు తిరిగిందా? కాళ్ళకి చూస్తే ఇంట్లో తొడుక్కునే మెత్తటి జోళ్ళు. వాటితోనే కొండ మెట్లన్నీ ఎక్కిందా?"

"పైన కోటు వేసుకుంది. మరక కనబడదు. ఆవపిండి రంగు కోటు. నలుగురూ కోటు గురించే చెప్పారు."

"అదే నేనూ అంటున్నాను. నలుగురూ కోటునే చూశారు."

"మొహం ఫొటో కూడా చూశారండీ!" కంతిసానీ గొంతు పెంచాడు. "చచ్చిపోయిన మనిషి దయ్యమై రొట్టె కొనుక్కుందని రిపోర్టు రాయమంటారా? రాయండి. కింద మీ సంతకమే పెట్టండి."

నున్సియా గబగబా శిలువ గుర్తు వేసుకుంది. "నిన్న పొద్దున్న..." అంది. "నిన్న పొద్దున్న ఈ కుర్చీలోనే కూర్చుని కాఫీ తాగాను. కాళ్ళు ఆ తివాచీ మీద పెట్టుకుని."

ఫిలోమెనా పక్క గది వైపు నడిచింది.

* * *

పక్క గది ఒకప్పుడు గాడిదని కట్టేసే చోటు. మూలగా, నేలకి సమంగా, ఓక్ చెక్క మూత. దానికి గడియ లేదు. గడియ ఉండేదని చెప్పే నాలుగు మేకు రంధ్రాలు మాత్రం ఉన్నాయి. ఇనప నిచ్చెన గోడకి వేలాడుతోంది. ఫిలోమెనా దాన్ని దింపి, రబ్బరు బూట్లు తొడుక్కుని, టార్చి పళ్ళతో కరిచి పట్టుకుని దిగింది.

నీళ్ళు రొమ్ముల దాకా వచ్చాయి. ఊపిరి ఆగినంత పనయింది. గోడలు ఎర్ర గచ్చుతో నున్నగా, పైకి పోయేకొద్దీ దగ్గరపడుతూ ఉన్నాయి. కాలు పెట్టే పాత గుంటలు పైన మెడ దగ్గరే ఉన్నాయి; కింద పట్టు దొరికే చోటు ఎక్కడా లేదు. తన ఊపిరి తనకే ఎవరో పక్కన నిలబడి తీస్తున్నట్టు వినబడుతోంది.

నీటిమట్టానికి జానెడు పైన గచ్చు మీద తెల్లటి గీతలున్నాయి. తాజావి. గోళ్ళు గీసిన గీతలు. తొట్టి చుట్టూ ఉన్నాయి. క్లేలియా మొరాందో పడగానే పోలేదు. చాలాసేపు తిరిగింది.

దీపపు దిమ్మకి ఒక కాగితం ఉండ ఆనుకుని తేలుతోంది. ఫిలోమెనా జాగ్రత్తగా అరచేతిలోకి తీసుకుంది. తడిసి ముద్దయింది. సిరా కరిగిపోయింది. అయినా గళ్ళు కనిపిస్తున్నాయి. అదే గళ్ళ కాగితం. అదే మడత. పైన క్లేలియా గదిలో వేలాడుతున్న కోటు జేబులో దొరికిన ప్లాను పొడిగా, శుభ్రంగా ఉంది. మరి ఇదేమిటి?

ఒకే మనిషికి ప్లాన్లు రెండెందుకు?

ఆలోచిస్తూ నిచ్చెన ఎక్కింది. మెడ దగ్గర, మూతకి రెండు మెట్లు కిందగా, టార్చి వెలుగు ఒక చోట ఆగింది.

అక్కడా గీతలున్నాయి.

ఇవి తాజావి కావు. వాటి మీద సున్నం పొర ఉంది. సున్నం మీద నాచు పట్టి నల్లబడింది. నాలుగు గీతలు ఒక వైపు, నాలుగు మరో వైపు. పక్క పక్కనే మళ్ళీ నాలుగు. మళ్ళీ నాలుగు. ఎన్నో ఏళ్ళ కిందటివి. అప్పుడు తొట్టి నిండా నీళ్ళున్నాయి కాబట్టి, లోపలున్న మనిషి తేలుతూ ఇక్కడి దాకా రాగలిగింది. మూత అందేంత దగ్గరికి వచ్చింది.

ఫిలోమెనా తనకి తెలియకుండానే నాలుగు వేళ్ళూ ఆ గీతల్లో పెట్టింది. సరిగ్గా సరిపోయాయి. ఆడమనిషి చెయ్యి.

పైకి వచ్చేసరికి పదీ ఇరవై. వణుకుతూనే నున్సియాని అడిగింది. "ఈ తొట్టి బాగు చేయించినప్పుడు అడుగున ఏమైనా దొరికిందా?"

"పదేళ్ళయింది మేడమ్. బురద తోడారు. కుండ పెంకులు, బకెట్టు చట్రం..." నున్సియా తడబడింది. "ఎముకలు కొన్ని. పనివాళ్ళు మేకవన్నారు. మేమూ మేకవే అనుకున్నాం."

"పుర్రె దొరికిందా?"

"నేను చూడలేదు. బురదతో పాటే లోయలో పారబోశారు."

* * *

ఎవుస్తాకియో రొట్టెల పొయ్యి అక్కడికి ముప్ఫై అడుగులు. డెబ్భై మూడేళ్ళ ఎవుస్తాకియో ఫిలోమెనాని చిన్నప్పటి నుంచీ ఎరుగును. తడి బట్టలతో వచ్చిన ఆమెని చూసి ముందు కుర్చీ పొయ్యి దగ్గరికి జరిపాడు.

"ఏమ్మాయ్, ఈ చలిలో ఈత కొట్టావా?"

"బాబాయ్, శనివారం పొద్దున్న వచ్చినావిడ గురించి మళ్ళీ చెప్పాలి. మొదటి నుంచీ."

"ఆ కుర్రాడికి చెప్పానుగా. ఆయన నా మాట సగంలోనే నోట్‌బుక్కు మూసేశాడు."

"మిగతా సగం నాకు చెప్పు."

ఎవుస్తాకియో పిండి చేతులు దులుపుకున్నాడు. "ఆవిడ నాకు ముందే ఉత్తరం రాసింది. తను పుట్టింది ఇక్కడేనట. పై వాడలో, ఆ నున్సియా బస ఉన్న ఇంట్లోనే. ప్రభుత్వం గుహల్లో వాళ్ళందర్నీ ఖాళీ చేయించిన ఏడాది తనకి నాలుగేళ్ళట. వాళ్ళమ్మ గురించి ఆ వాడలో వాళ్ళని ఎవరినైనా అడగాలని ఉందని రాసింది. ఆ రోజుల్లో ఆ వాడ మొత్తానికి మా నాన్నే రొట్టెలు కాల్చేవాడు కదా, అందుకని నా దగ్గరికి."

ఫిలోమెనా కాగితం తీసి చూసింది. రొట్టెల పొయ్యి. గుహ చర్చి. భోజనశాల. మ్యూజియం. ఊరు చూడటానికొచ్చిన మనిషి ప్లానులాగే ఉంది. కానీ చర్చిలో టిక్కెట్లిచ్చే ఆవిడకి డెబ్భై ఎనిమిది. భోజనశాల వంటావిడకి ఎనభై. మ్యూజియం కాపలాదారు తాత పుట్టింది పై వాడలోనే. క్లేలియా చూడ్డానికొచ్చింది చోట్లని కాదు, మనుషుల్ని.

"వచ్చి ఏమడిగింది?"

"అదే నాకు వింతగా ఉంది. ఉత్తరంలో వాళ్ళమ్మ గురించి అడుగుతానంది. తీరా వచ్చాక వాళ్ళమ్మ ఊసే ఎత్తలేదు. 'ఆ వాడలో పిల్లల్ని ఆడించే పెద్దపిల్ల ఒకతి ఉండేది, ఆమె పేరేమిటి?' అంది. అదొక్కటే. తిప్పి తిప్పి అదే. నాకు ఏడేళ్ళప్పటి మాట, మా ఇల్లు ఆ వాడలో కూడా కాదు, నాకేం తెలుసు? తెలీదంటే అలా చూస్తూ నిలబడింది. పొయ్యి ముందు నిలబడ్డా నాకు చలేసిందమ్మాయ్."

"ఇంకేమైనా?"

"ఒకటుంది. అక్టోబర్లో ఇంకో ఉత్తరం రాసింది. శనివారం కాదు, ఆదివారం వస్తానని. మరి శనివారమే దిగింది. 'ఆదివారం వస్తానన్నారు కదమ్మా?' అన్నాను." ఎవుస్తాకియో పొయ్యిలో కట్టె ఎగదోశాడు. "మొహం ఖాళీ అయిపోయింది. కాసేపటికి నన్నే అడిగింది. 'ప్లాను మారిందా?' అని. తన ప్లాను మారిందో లేదో తను నన్నడగడమేమిటి?"

ఫిలోమెనా లేచి నిలబడింది.

* * *

ఆమె వెళ్ళేసరికి కంతిసానీ టిఫిన్ల గదిలో కూర్చుని రిపోర్టు రాసుకుంటున్నాడు.

"సిన్యోరా నున్సియా, ఈ టిక్కుల కాగితం మీదేనా?"

నున్సియా కళ్ళు చికిలించి చూసింది. "నాదే! సెప్టెంబర్లో పోస్టులో పంపింది. ఇంత ముచ్చటైన ప్లాను ఎవరూ వేసుకోలేదని వంటింటి గోడకి గుచ్చి పెట్టుకున్నాను. గుండుసూది రంధ్రం ఇదిగో. ఇది కోటు జేబులోకెలా వెళ్ళింది?"

"గోడ మీంచి ఎవరు తీశారు?"

"పై గదిలో దిగినావిడ. ఆవిడ గురువారమే వచ్చింది. ఇది చూసి, 'చాలా బాగుంది, నేనూ ఇలాగే తిరుగుతాను, రాసుకుని ఇచ్చేస్తా' అని తీసుకుంది. నేనే మర్చిపోయాను."

కంతిసానీ పెన్ను ఆగింది. "ఇంకో అతిథి ఉందా? నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడిగింది చనిపోయినావిడ గురించి కదా బాబూ! ఆవిడ శనివారమే ఖాళీ చేసేసింది. నేను బజారుకెళ్ళొచ్చేసరికి తాళం చెవి బల్ల మీద ఉంది."

"శుక్రవారం రాత్రి వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారా?" అడిగింది ఫిలోమెనా.

"ఒకే బల్ల దగ్గర వడ్డించాను. తొరీనో ఆవిడ వచ్చి ఈవిణ్ణి చూడగానే అలా నిలబడిపోయింది. తర్వాత ఇద్దరూ గుసగుసగా మాట్లాడుకున్నారు. కొత్తవాళ్ళు మాట్లాడుకున్నట్టు లేదు. ఎనిమిదింటికి నేను చర్చిలో జపానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అన్ని గదుల్లోనూ దీపాలార్పేసి ఉన్నాయి."

"ఆవిడ ఎలా ఉంటుంది?"

నున్సియా తెల్లబోయి గాజు పలక వైపు చూసింది. "ఇలాగే," అంది. "నాలుగైదేళ్ళు పెద్దదేమో. కళ్ళజోడు తీసేస్తే... అయ్యో దేవుడా, ఇలాగే ఉంటుంది."

అతిథుల పుస్తకంలో పేరు చూశారు. వంకర టింకర అక్షరాలతో రాసి ఉంది. అద్దొలొరాతా విత్సియెల్లో, బారి. ఆ పేరు ఇద్దరిలో ఎవరికీ తెలియదు.

కంతిసానీ అయినా వదల్లేదు. "సరే, ఇద్దరూ ఒకేలా ఉన్నారనుకుందాం. చంపిన మనిషి పారిపోకుండా, చచ్చిన మనిషి కోటు వేసుకుని ఊరంతా ఎందుకు తిరుగుతుంది? చుట్టుపక్కల వాళ్ళంతా చూస్తుండగా? పిచ్చా?"

"వాళ్ళంతా క్లేలియా కోసం ఎదురు చూస్తున్నారు కాబట్టి. క్లేలియాకైతేనే నోరు విప్పుతారు కాబట్టి. ఆమెకి ఎవరో కావాలి. ఆ ఎవరో ఎక్కడున్నారో ఈ ప్లానులో ఉంటుందనుకుంది. కానీ ఆమె చేతికొచ్చింది పాత ప్లాను." ఫిలోమెనా నున్సియా వైపు తిరిగింది. "రెండోది మీకూ పంపిందా?"

"పంపింది. మొదటిది చింపేయండి అని కూడా రాసింది. బీరువాలో ఉంది." నున్సియా లోపలికెళ్ళి కవరు తెచ్చింది. ఇస్తూ మామూలుగా అంది. "ఇందాక దీన్నే ఫోన్లో చదివి వినిపించాను."

ఫిలోమెనా చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. "ఎవరికి?"

"పై గది ఆవిడకే. నిన్నంతా చేసిందట. నిన్న నేను మా అక్క ఊరెళ్ళి రాత్రికి గానీ రాలేదు. ఇందాక మీరు తొట్టిలోకి దిగినప్పుడు మళ్ళీ చేసింది. ఇలా ఘోరం జరిగిపోయిందమ్మా అని చెప్పాను. 'పాపం' అంది. తర్వాత 'ప్లాను మారిందట కదా, కొత్తది కాస్త చదువుతారా' అంది. ఏదో ధ్యాసలో చదివేశాను మేడమ్. తప్పయిందా?"

ఫిలోమెనా కాగితం విప్పింది. శనివారం, ఆదివారం కొంచెం అటూ ఇటూ అయ్యాయి. కిందన కొత్తగా ఒక వరస చేర్చి ఉంది. పక్కన చిన్న అక్షరాలతో, 'చర్చి రిజిస్టర్లలో దొరికింది. పిల్లల్ని ఆడించింది ఈమే. అన్నిటికన్నా ఆఖరున' అని ఉంది.

సోమవారం, పదకొండు గంటలు. యుఫేమియా స్కాల్చోనే. సెర్రా వెనెర్దీ కాలనీ, పాల డిపో మేడ, రెండో అంతస్తు.

గోడ గడియారం పది నిమిషాలు తక్కువ పదకొండు చూపిస్తోంది.

"ఎవరీ స్కాల్చోనే?" అన్నాడు కంతిసానీ, భుజం మీంచి చూస్తూ.

"అది పుట్టింటి పేరు." ఫిలోమెనా అప్పటికే తాళాలు తీసుకుంది. "మా అమ్మ."

కంతిసానీ జేబులోంచి ఫోన్ తీసి, "మీరు పదండి. కారు పంపిస్తున్నాను. నేనూ వస్తున్నాను," అన్నాడు.

* * *

దారి పొడుగునా ఫోన్ మోగుతూనే ఉంది. అమ్మ ఎత్తలేదు.

క్లేలియా ఆ వాడ మనుషుల్లో బతికున్న వాళ్ళందరికీ ఉత్తరాలు రాసింది. ఎవుస్తాకియోకి రాసింది. అమ్మకీ రాసే ఉంటుంది. నిన్న ఆదివారం మధ్యాహ్నం తను అమ్మ ఇంట్లోనే భోంచేసింది. మూడు గంటలు కూర్చుంది. అమ్మ పక్కింటి వాళ్ళ కుక్క గురించి చెప్పింది, మోకాలి నొప్పి గురించి చెప్పింది. ఉత్తరం సంగతి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు?

పదకొండూ మూడు నిమిషాలకి మెట్లెక్కింది. తుపాకీ తీసి కోటు చాటున పట్టుకుంది. తన దగ్గరున్న తాళం చెవి పెట్టేలోపే తలుపు తెరుచుకుంది.

పొద్దున్న స్ట్రెచర్ మీద చూసిన మొహం గుమ్మంలో నిలబడి ఉంది. అదే ముక్కు, అవే దవడలు, అదే తెల్ల జుట్టు. కాకపోతే కళ్ళు కదులుతున్నాయి.

"రండి," అంది ఆవిడ. "మీ అమ్మాయి వచ్చిందండీ యుఫేమియా గారూ."

"చేతులు కనబడేలా పెట్టండి."

ఆవిడ రెండు చేతులూ ముందుకి చాచింది. ముడతలు పడ్డ ఖాళీ చేతులు. వెనక భోజనాల బల్ల దగ్గర యుఫేమియా కూర్చుని ఉంది. ఎనభై అయిదేళ్ళ మనిషి. మోకాళ్ళ మీద శాలువా. ముందు రెండు కాఫీ కప్పులు. దెబ్బలేమీ లేవు.

"అమ్మా, నీకేం కాలేదు కదా?"

యుఫేమియా తల అడ్డంగా ఊపింది. కూతురి వైపు చూడలేదు.

"మీ పేరు?" ఫిలోమెనా ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టింది.

"రొక్కీనా విత్సియెల్లో. అద్దొలొరాతా మా అమ్మ. క్లేలియా నా చెల్లెలు. అమ్మ పోయాక దాన్ని తొరీనో వాళ్ళు పెంచుకున్నారు. నన్ను బారిలో నన్‌ల దగ్గర వేశారు. కిందటి వసంతంలో వెతుక్కుంటూ ఉత్తరం రాసింది. ఇద్దరం కలిసి వెళ్దాం అక్కా, అమ్మకేమైందో కనుక్కుందాం అంది. నేను రానన్నాను. తర్వాత దానికన్నా ఒక రోజు ముందే వచ్చేశాను."

"శుక్రవారం ఏం జరిగింది?"

"భోజనమయ్యాక తొట్టి మూత చూస్తానంది. ఎత్తింది. అక్కడ నిలబడి చాలాసేపు లోపలికి చూసింది. 'అక్కా, మూత వేసింది నువ్వే కదా' అంది." రొక్కీనా గొంతులో ఏ ఎత్తూ పల్లమూ లేదు. "అరవై ఆరేళ్ళుగా ఆ మాట నాకు నేను కూడా చెప్పుకోలేదు. అది చెప్పింది. నా చేతులు వాటంతటవే వెళ్ళాయి. మూత పడింది. అప్పుడు కూడా నేను అక్కడే నిలబడ్డాను. అప్పటి లాగే."

"అప్పుడంటే?"

"నాకు ఎనిమిదేళ్ళు. తొట్టిలో నిండా నీళ్ళు. బకెట్టు తాడు తెగితే అమ్మ గోడ గుంటల్లో కాళ్ళు పెట్టి దిగింది. నేనూ క్లేలియా పైన ఉన్నాం. ఎదురింటి పెద్దపిల్ల మమ్మల్ని ఆడిస్తోంది. ఆమె నాతో, 'రొక్కీనా, వాన వస్తోంది, మూత వెయ్యి, గడియ పెట్టు' అంది. పెద్దవాళ్ళు చెబితే చేస్తాం కదా. వేశాను. గడియ పెట్టాను. తర్వాత కింద నుంచి చప్పుడు. తడుతున్న చప్పుడు. ఆ పిల్ల మా ఇద్దరి చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పింది. పాట పాడించింది. గట్టిగా, ఇంకా గట్టిగా అంది. చప్పుడు ఆగేదాకా పాడాం."

తొట్టి మెడ దగ్గర నాలుగేసి గీతలు ఫిలోమెనా వేళ్ళ కొసల్లో మళ్ళీ తగిలాయి.

"ఆ పిల్ల మొహం నాకు గుర్తు లేదు. పేరూ గుర్తు లేదు. మూత మాత్రమే గుర్తుంది," అంది రొక్కీనా. "అందుకే శనివారమంతా అడుగుతూ తిరిగాను. ఎవరూ చెప్పలేదు. చెల్లెలికి తెలిసింది. దాని ప్లానులో ఉంది."

"పిల్లలండీ వీళ్ళు," యుఫేమియా ఉన్నట్టుండి అంది. ఎవరితో అంటోందో తెలియలేదు. "నాకు మాత్రం ఎన్నేళ్ళు? పందొమ్మిది. వాళ్ళమ్మ లోపలుందని నాకేం తెలుసు? వాన వస్తోందని మూత వెయ్యమన్నాను. అంతే. వాన నీళ్ళతో మురికి కొట్టుకొస్తుందని."

"మా అమ్మ తరాంతో ఊరివాడితో లేచిపోయిందని వాడంతా చెప్పింది ఎవరు?" అంది రొక్కీనా మెల్లగా.

యుఫేమియా శాలువా అంచు సర్దుకుంది.

"ఇంకోటి కూడా ఉంది, ఇన్‌స్పెక్టర్ గారూ. నన్ను తీసుకెళ్ళండి. చెల్లెల్ని చంపాను. దానికి నేను జవాబు చెప్పుకుంటాను. కానీ ఆ రోజు మేం పాడుతూ తిరుగుతుంటే నా నీడ నా చుట్టూ తిరిగింది. క్లేలియా దాన్ని తొక్కాలని ఎగిరి ఎగిరి దూకింది. నాకు బాగా గుర్తు. నేల అంతా తెల్లగా మెరుస్తోంది." రొక్కీనా చేతులు బల్ల మీద పెట్టింది. "ఆ రోజు ఎండ."

మెట్ల మీద బూట్ల చప్పుడయింది. కంతిసానీ గుమ్మంలోకి వచ్చి ఆగాడు. ఎదురుగా కూర్చున్న మొహం చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత ఫిలోమెనా చేతిలో తుపాకీ చూశాడు. అది ఎవరి వైపూ గురి పెట్టి లేదు. అతను నోట్‌బుక్కు బయటికి తీశాడు గానీ తెరవలేదు.

ఫిలోమెనా తుపాకీ లోపల పెట్టింది. కుర్చీ లాక్కుని తల్లికి ఎదురుగా కూర్చుంది. తనని ఎత్తుకున్న చేతులు, జ్వరమొస్తే నుదురు తడిమిన చేతులు శాలువా కింద ఉన్నాయి. వాటిని చూడకుండా మొహంలోకే చూసింది. ముప్ఫై ఏళ్ళుగా సాక్షుల్ని అడిగినట్టే అడిగింది. పుట్టి బుద్ధెరిగాక ఆ మనిషిని ఎప్పుడూ అలా పిలవలేదు.

"సిన్యోరా స్కాల్చోనే, మీరు చెప్పండి. ఆ రోజు వాన వచ్చిందా?"